చేతి నరం దెబ్బతిన్నదో లేదో తెలుసుకోవడం ఎలా: గాయమైన వెంటనే చూడవలసినవి, చేయవలసినవి

ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేటల నుంచీ, సరిహద్దుకు అవతల బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్‌లలో ఉంటున్న తెలుగువారి నుంచీ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒకటుంది. "కత్తిపీట మీద చెయ్యి తెగింది, కుట్లు వేశారు, గాయం మానింది, కాని వేలి కొస మొద్దుగానే ఉంది, ఎన్నాళ్లు ఆగాలి?" ఈ ప్రశ్న సాధారణంగా రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తుంది. గాయమైన మొదటి గంటలో ఎవరైనా ఐదు నిమిషాలు కేటాయించి వేళ్ల స్పర్శను పరీక్షించి ఉంటే అసలు ఆ ప్రశ్నే వచ్చేది కాదు. ఆ ఐదు నిమిషాల్లో ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో, ఆ తరువాత ఎక్కడికి వెళ్లాలో ఇక్కడ వివరిస్తున్నాను.

1. ముందుగా తెలిసి ఉండవలసిన మూడు నరాలు

చేతికి స్పర్శనూ కదలికనూ ఇచ్చే ముఖ్యమైన నరాలు మూడు. ఒక్కొక్కదానికి పూర్తిగా తనదే అయిన చిన్న చోటు ఒకటి ఉంటుంది. పరీక్షకు ఆ మూడు చోట్లు గుర్తుంటే చాలు.

మీడియన్ నరం మణికట్టు నడుమ నుంచి అరచేతిలోకి వస్తుంది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో బొటనవేలి వైపు సగం దీని కిందివి. దీని చోటు చూపుడు వేలి కొస, అరచేతి వైపు.

అల్నార్ నరం మోచేతి వెనుక ఎముకను ఆనుకుని దిగుతుంది. మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమనేది ఇదే. దీని చోటు చిటికెన వేలి కొస.

రేడియల్ నరం దండచేతి ఎముక చుట్టూ తిరిగి చేతి వెనుక వైపుకు వస్తుంది. దీని చోటు బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ, చేతి వెనుక భాగాన ఉన్న చర్మం.

ఇవి గాక, ప్రతి వేలికీ రెండు అంచుల వెంట రెండు సన్నని నరాలు ఉంటాయి. వేలు తెగినప్పుడు ఒక అంచుకు స్పర్శ ఉండి రెండో అంచుకు లేకపోవచ్చు కనుక, రెండు అంచులనూ విడివిడిగా చూడాలి.

2. సిద్ధం చేసుకోవలసినవి

ఇంట్లో దొరకనివి ఏవీ అక్కరలేదు.

☐ కొసను సన్నగా మెలిపెట్టిన దూది
☐ బాల్‌పాయింట్ పెన్ను, తెల్ల కాగితాలు రెండు
☐ శుభ్రమైన నూలు గుడ్డ లేదా గాజుగుడ్డ
☐ ఫోటో తీయడానికి ఫోన్
☐ దెబ్బ తగలని రెండో చెయ్యి (పోల్చడానికి)

చివరిదాన్ని అందరూ మరచిపోతారు. పలాస వైపు జీడిపిక్కలు కొట్టేవారి వేలి కొసలు పిక్క తొక్కల నూనెకు మాడి, గట్టిపడి ఉంటాయి. వారికి మామూలుగానే దూది స్పర్శ సరిగా తెలియదు. అటువంటి వారికి వేలి కొసన కాక వేలి అంచున పరీక్షించి, రెండో చేతి అదే వేలితో పోల్చినప్పుడే తేడా బయటపడుతుంది.

3. తెగిన వెంటనే చేయవలసినవి, వరుస క్రమంలో

మొదట రక్తం ఆపాలి. శుభ్రమైన గుడ్డను గాయం మీద నేరుగా ఉంచి, అరచేత్తో గట్టిగా, మధ్యలో తీసి చూడకుండా పది నిమిషాలు నొక్కి పట్టి, చేతిని గుండె ఎత్తుకు పైన ఉంచాలి. అంతటితో సాధారణంగా రక్తం ఆగుతుంది.

ఉంగరాలు, గాజులు, మొలతాడు లాగా కట్టిన దారాలు వెంటనే తీసేయాలి. గంట గడిస్తే వాపు వచ్చి అవి రావు.

గాయంలో పసుపు, కాఫీపొడి, సున్నం, కిరోసిన్ వేయకూడదు. అవి శస్త్రవైద్యుడికి లోపల ఏం తెగిందో కనిపించకుండా చేస్తాయి. రక్తం వచ్చే చోట లోపలికి పట్టకారు పెట్టి నొక్కడం మరీ ప్రమాదం. చేతిలో రక్తనాళమూ నరమూ పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి, నాళం కోసం పెట్టిన పట్టు నరాన్ని నలిపేస్తుంది.

రక్తం ధారను బట్టి కూడా కొంత తెలుసుకోవచ్చు. వేలిలో అరచేతి వైపు నరం చర్మానికి దగ్గరగానూ, ధమని దాని వెనుకగానూ ఉంటాయి. ఆ వైపు తెగిన గాయం నుంచి రక్తం చిమ్ముతున్నదంటే కత్తి ధమని దాకా వెళ్లిందన్నమాట, అంటే దారిలో నరాన్ని దాటే వెళ్లి ఉంటుందని అనుకోవాలి.

4. స్పర్శ పరీక్ష: మత్తు సూదికి ముందే

ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటించగలిగితే ఇదే పాటించండి. కుట్లు వేయడానికి మత్తు సూది ఇచ్చాక వేలు ఎలాగూ మొద్దుబారుతుంది. ఆ తరువాత మొద్దుదనం గాయం వల్లనా, మందు వల్లనా అన్నది ఎవరూ చెప్పలేరు. మర్నాటికి మొద్దుదనం మిగిలి ఉన్నా "మత్తు ఇంకా దిగలేదు" అనుకుంటారు, వారం గడిచాక "కుట్ల బాధ" అనుకుంటారు. అలా నెలలు పోతాయి.

☐ రోగి కళ్లు మూసుకుని, చేతిని బల్ల మీదో తలగడ మీదో ఆనించాలి.
☐ ముందు బాగున్న చేతికి దూది తాకించి "ఇది వంద అనుకోండి" అని చెప్పాలి.
☐ దెబ్బ తగిలిన చేతికి అదే చోట తాకించి "ఇది వందలో ఎంత?" అని అడగాలి.
☐ చూపుడు వేలి కొస, చిటికెన వేలి కొస, చేతి వెనుక బొటనవేలి సందు: ఈ వరుసలో చూడాలి.
☐ ఆపైన ప్రతి వేలికీ రెండు అంచులు.
☐ మధ్యలో కొన్నిసార్లు తాకకుండానే "ఇప్పుడు?" అని అడగాలి. అబద్ధపు జవాబులు తేలిపోతాయి.

నొక్కకూడదు. నొక్కితే వేలు కదిలి, ఆ కదలిక పై కీళ్ల ద్వారా తెలిసిపోయి, రోగి నిజాయితీగానే "తెలుస్తోంది" అంటాడు. దూది కొస చర్మం మీద వాలాలి, అంతే.

తేడా తేలితే కాగితం మీద చేతిని పెట్టి పెన్నుతో చుట్టూ గీయాలి. చెయ్యి రక్తసిక్తంగా ఉంటే బాగున్న చేతిని బోర్లా పెట్టి గీసినా ఫరవాలేదు, ఏ చెయ్యో రాయాలి. మొద్దుబారిన భాగాన్ని అడ్డగీతలతో నింపి, తేదీ, సమయం వేయాలి. సరిహద్దు ప్రాంతంలో ఈ బొమ్మకు ఇంకో ప్రయోజనం ఉంది. ఒడియా మాత్రమే తెలిసిన డ్యూటీ డాక్టరుకు తెలుగులో తిమ్మిరికీ మొద్దుదనానికీ తేడా చెప్పలేక తడబడే పెద్దవారు ఆ కాగితం చూపిస్తే చాలు.

5. "వేళ్లు కదులుతున్నాయి కదా" అన్న పొరపాటు

చేతి నరాల గాయాలు తప్పిపోవడానికి కారణాల్లో నా లెక్కన ఇదే మొదటిది. గాయం చూసినవారు "వేళ్లు ముడవండి, చాపండి" అంటారు, రోగి ముడిచి చాపుతాడు, "నరం బాగుంది" అని కుట్లు వేసి పంపుతారు.

వేళ్లను ముడిచే కండరాలు అరచేతిలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. వాటికి నరపు కొమ్మలు మోచేతి దగ్గరే అందిపోతాయి. మణికట్టు దగ్గర గాజు పెంకు గుచ్చుకుని మీడియన్ నరం పూర్తిగా తెగినా ఆ కండరాలకు తెలియనే తెలియదు. టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) తెగకపోతే వేళ్లు చక్కగా ముడుచుకుంటాయి. వేళ్లలోని నరాల సంగతి ఇంకా స్పష్టం: అవి స్పర్శకే తప్ప కదలికకు సంబంధించినవి కావు. కాబట్టి వేలు కదలడం టెండన్ పూర్తిగా తెగలేదని చెబుతుంది, నరం గురించి ఏమీ చెప్పదు.

గాజు గాయాల విషయంలో ఇది మరింత జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. పగిలిన సీసా, ట్యూబులైటు ముక్క చేసే గాయం పైకి సెంటీమీటరే కనిపించి లోపల ఎముక దాకా వెళుతుంది. గాయం ఎంత చిన్నదైనా, దాని దిగువన కొత్తగా మొద్దుదనం వచ్చిందంటే, తెరిచి చూసి కాదని తేల్చే వరకూ నరం తెగిందనే భావించాలి.

6. బలాన్ని చూసే మూడు పరీక్షలు

గాయం తెరుచుకుని ఉంటే వీటిని ఎదురుబలం పెట్టకుండా చేయాలి. సగం తెగిన టెండన్ బలవంతం చేస్తే పూర్తిగా తెగుతుంది.

మీడియన్: అరచెయ్యి పైకి ఉండేలా చేతిని బల్ల మీద వెల్లకిలా ఉంచి, బొటనవేలిని నిటారుగా పైకప్పు వైపు ఎత్తమనాలి. పక్కకు జరపడం కాదు, పైకి ఎత్తాలి. ఎత్తలేకపోతే, లేదా బొటనవేలి మొదలులోని కండ బిగువు కాకపోతే మణికట్టు దగ్గర మీడియన్ మీద అనుమానం.

అల్నార్: బొటనవేలికీ చూపుడు వేలి పక్కకూ నడుమ కాగితాన్ని పట్టుకోమని, మనం మెల్లగా లాగాలి. అల్నార్ బలహీనమైతే కాగితం జారకుండా ఆపడానికి బొటనవేలి చివరి కీలు వంగిపోతుంది. దీన్ని ఫ్రోమెంట్ గుర్తు అంటారు. నడిమి వేలిని చూపుడు వేలి మీదకు మెలివేయలేకపోవడం ఇంకో గుర్తు.

రేడియల్: ముంజేతిని బల్ల మీద ఆనించి మణికట్టును పైకి ఎత్తమనాలి. చెయ్యి వేలాడిపోతే రేడియల్ దెబ్బతిన్నట్టు. ఇక్కడ మోసపోయే చోటు ఒకటి ఉంది. వేళ్ల చివరి కీళ్లను చాపే పనిలో అల్నార్ కింద ఉన్న చిన్న కండరాలకు వాటా ఉంది, కనుక రేడియల్ పడిపోయినా వేళ్ల కొసలు చాపగలుగుతారు. చూడవలసినది పిడికిలి కణుపుల దగ్గర కీళ్లు లేస్తున్నాయా అన్నది. అలాగే మణికట్టు వేలాడుతుంటే వేళ్లు ఎడంగా చాచే బలం కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. చేతిని బల్ల మీద చదునుగా ఉంచి మళ్లీ చూస్తే అల్నార్ బాగానే ఉందని తేలుతుంది.

7. పిల్లలు, మద్యం మత్తులో ఉన్నవారు

ఐదేళ్ల పిల్లవాడిని "వందలో ఎంత" అని అడగలేము. కాని నరం తెగిన చోట చెమట పట్టదు. కడిగి ఆరిన చేతి మీద బాల్‌పాయింట్ పెన్ను నున్నటి ఒంటిని మెల్లగా అడ్డంగా జరిపితే, చెమట ఉన్న వేలి మీద కొంచెం పట్టి ఆగుతూ, ఎండిన వేలి మీద జారిపోతుంది.

గాయం మానాక చేయగలిగిన పరీక్ష నీళ్లది. గోరువెచ్చని నీటిలో రెండు చేతులనూ అరగంట ఉంచితే బాగున్న వేళ్ల చర్మం ముడతలు పడుతుంది, నరం తెగిన వేలు నున్నగా ఉండిపోతుంది. నీరు వేడిగా ఉండకూడదు. స్పర్శ లేని వేలు కాలినా పిల్లవాడు చెప్పడు.

8. ఎముక విరిగినప్పుడు, కట్లు కట్టినప్పుడు

జీడిచెట్టు, మామిడిచెట్టు మీద నుంచి పడ్డ పిల్లలకు మోచేతి పైభాగాన ఎముక విరగడం సాధారణం. ఇలా విరిగినప్పుడు మీడియన్ నరపు ఒక కొమ్మ దెబ్బతినవచ్చు, దానికి స్పర్శ భాగం లేదు కనుక దూది పరీక్షలో దొరకదు. బొటనవేలు, చూపుడు వేలి కొసలు కలిపి గుండ్రని సున్నా చుట్టమనండి. సున్నాకు బదులు రెండు వేళ్లూ చప్పగా, కొసలు వంగకుండా అతుక్కుంటే ఆ కొమ్మ పని చేయడం లేదు. దండచేతి ఎముక నడుమ విరిగితే రేడియల్‌ను చూడాలి.

కట్టు సంగతి ఇంకా తీవ్రమైనది. వెదురు బద్దలతో నాటుకట్టు గానీ, ఆసుపత్రి పిండికట్టు గానీ బిగుతైతే ముంజేతి లోపల ఒత్తిడి పెరిగి కండరాలూ నరాలూ చచ్చిపోతాయి. గుర్తులు ఇవి: మందుకు లొంగని, గంట గంటకూ పెరిగే నొప్పి, ముడుచుకున్న వేళ్లను ఇతరులు చాపితే కేకపెట్టేంత బాధ, కొత్తగా తిమ్మిరి. నాడి కొట్టుకుంటున్నదని ధైర్యపడకూడదు, నాడి చివరి దాకా ఉంటుంది. కట్టును చర్మం కనిపించేదాకా పూర్తిగా విప్పించి, అదే గంటలో శస్త్రవైద్యుడిని చేరాలి. ఇది ఉదయం దాకా ఆగే విషయం కాదు.

పాము కాటుకు చేతికి తాడు బిగించి కట్టడం కూడా ఇటువంటి నష్టమే చేస్తుంది. కట్టకుండా, చేతిని కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

9. గాయం లేకుండానే మొద్దుబారితే

తాగి కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి నిద్రపోయినవాడు తెల్లారేసరికి మణికట్టు ఎత్తలేకపోవడం రేడియల్ నలిగినందువల్ల. ఇది చాలావరకు వారాల్లో తగ్గుతుంది. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేపితే, చెయ్యి విదిలిస్తే తగ్గితే, మీడియన్ మణికట్టులో ఇరుక్కుంటున్నదని అర్థం. గర్భిణులలో, థైరాయిడ్, మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. నిద్రలో మణికట్టు వంగకుండా బద్ద పట్టీ వేసుకోవడం మొదటి వైద్యం. బొటనవేలి మొదలు కండ సన్నబడిందంటే పట్టీల దశ దాటిపోయింది.

మెడ నుంచి వచ్చే తిమ్మిరి మెడ తిప్పినప్పుడు మారుతుంది, ముంజేతికీ పాకుతుంది. చిటికెన వేలితో పాటు ముంజేతి లోపలి అంచు కూడా మొద్దుగా ఉంటే మోచేతి దగ్గర అల్నార్‌ను కాక మెడను అనుమానించాలి. చెయ్యి ఒక్కసారిగా పడిపోయి, మూతి వంకరపోయి, మాట ముద్దగా వస్తే అది పక్షవాతం. ఈ పరీక్షలేవీ చేయకుండా 108 పిలవాలి.

కుష్ఠు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఒడిశాలోనూ ఆంధ్ర సరిహద్దులోనూ అది ఇంకా ఉంది, చేతి అల్నార్ నరాన్ని అది ముందుగా పట్టే వ్యాధి. స్పర్శ లేని పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ, మోచేతి వెనుక తాడులా లావై నొక్కితే నొప్పి పుట్టే నరం, వేడి గిన్నె పట్టుకున్నా తెలియక వచ్చిన బొబ్బలు దాని గుర్తులు. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడాలి. వేళ్లలో బలహీనత వచ్చి ఆరు నెలలు దాటకముందే వైద్యుడి పర్యవేక్షణలో స్టీరాయిడ్లు మొదలైతే ఆ బలం తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి దాచిన ప్రతి నెలా ఆ అవకాశాన్ని తగ్గిస్తుంది.

10. ఎక్కడికి, ఎలా వెళ్లాలి

నరం తెగిందన్న అనుమానం ఉంటే ప్లాస్టిక్ సర్జరీ లేదా చేతి శస్త్రచికిత్స తెలిసిన ఎముకల వైద్యులు ఉన్న చోటికి వెళ్లాలి. ఇచ్ఛాపురం వారికి బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి దాదాపు 25 కిలోమీటర్లలోనే ఉంది. శ్రీకాకుళం వైపు వారు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి గానీ విశాఖ కేజీహెచ్‌కు గానీ వెళ్లవచ్చు. రాష్ట్రం మారితే ఆరోగ్య పథకం కార్డు చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే ఫోనులో అడగడం మంచిది.

☐ చేతి బొమ్మ, గాయం ఫోటో
☐ ఏ వస్తువు తెగేసింది, ఎన్ని గంటలకు
☐ టెటనస్ సూది ఎప్పుడు వేశారు
☐ మధుమేహం మందులు, రక్తం పలచబరిచే మందుల పేర్లు
☐ శస్త్రచికిత్స ఉండవచ్చు కనుక దారిలో ఏమీ తినకపోవడం

అక్కడ అడగవలసిన మాట: "కుట్లు వేసే ముందు నరాన్ని తెరిచి చూస్తారా?"

కుట్లు ముందే వేసేసినా ఆలస్యం కాలేదు. పదునైన కత్తితో తెగిన నరాన్ని మొదటి రోజుల్లో, వారం పది రోజుల లోపు కలపడం తేలిక. వారాలు గడిచే కొద్దీ కొసలు వెనక్కు ముడుచుకుని మచ్చకట్టి, నడుమ ఖాళీ పూడ్చడానికి కాలి నుంచి నరపు ముక్క తీయవలసి వస్తుంది. "నరాల బలానికి" బీ12 సూదులు వేయించుకుంటూ కూర్చోవడం వల్ల ఆ విటమిన్ లోపించినవారికి మేలు జరగవచ్చు గాని, తెగిన నరం అతుక్కోదు.

11. ఎంతకాలం పడుతుంది

నరాల గాయాలు మూడు తరగతులు. నలిగి పనిచేయడం మాత్రమే ఆగినది కొన్ని రోజుల నుంచి 12 వారాల లోపు దానంతట అదే కోలుకుంటుంది. పైతొడుగు నిలిచి లోపలి తీగలు మాత్రమే తెగిన వైరులాంటిది రెండోది, అది పాత దారి వెంటే మెల్లగా పెరుగుతుంది. మొత్తంగా తెగినది కలపకుండా కోలుకోదు.

పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, నెలకు దాదాపు మూడు సెంటీమీటర్లు. మణికట్టు నుంచి వేలి కొస దాకా 18 సెంటీమీటర్లు అనుకుంటే, మొదట నెల వరకూ కదలిక లేకుండా పోతుంది కనుక, ఏడు నెలల ముందు వేలి కొసలో స్పర్శ ఆశించడం తొందరపాటు. నరం కొస చేరేలోగా కండరం 12 నుంచి 18 నెలలు ఖాళీగా ఉంటే ఇక పనికిరాదు. దండచేతిలో తెగిన అల్నార్ తిరిగి వచ్చినా చేతి చిన్న కండరాలు సరిగా కోలుకోకపోవడానికి కారణం ఇదే.

నరాల వేగం కొలిచే పరీక్షలు, కండరాల విద్యుత్ సంకేతాలను చూసే ఈఎంజీ గాయమైన మూడు వారాల తరువాతే నమ్మదగిన చిత్రం చూపిస్తాయి. మూడో రోజున చేయించి "బాగుంది" అన్న రిపోర్టుతో నిశ్చింతగా ఉండకూడదు.

ఇంట్లో ప్రగతిని చూడడానికి నరం దారి వెంట వేలితో, వేళ్ల వైపు నుంచి పైకి, మెల్లగా తట్టుతూ రావాలి. ఎక్కడ తట్టితే వేళ్లలోకి జివ్వుమంటుందో అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి, మణికట్టు గీత నుంచి దూరం కొలిచి తేదీతో రాయాలి. నెల తరువాత ఆ చోటు వేళ్ల వైపు జరిగి ఉంటే నరం పెరుగుతోంది. మూడు నెలలైనా అదే చోట ఉండిపోతే, రాసుకున్న కాగితంతో వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

12. స్పర్శ లేని చేతిని కాపాడుకోవడం

☐ నీటి వేడిని, గిన్నె వేడిని ఎప్పుడూ బాగున్న చేత్తోనే చూడాలి.
☐ పొయ్యి దగ్గర మసిగుడ్డ మందంగా పట్టాలి. స్టీలు గ్లాసులో టీ ఆ చేత్తో పట్టకూడదు.
☐ రోజూ రాత్రి వేళ్ల మధ్య, గోళ్ల చుట్టూ పుండు, పగులు ఉన్నాయేమో చూసి కొబ్బరినూనె రాయాలి.
☐ కోత పనిలో కొడవలి ఆ చేత్తో పట్టకూడదు. నూర్పిడి యంత్రం దగ్గరికి వెళ్లకూడదు.
☐ బీడీ, సిగరెట్ మానాలి.
☐ బలహీనమైన వేళ్లను రెండో చేత్తో రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతి కీలునూ పూర్తిగా చాపి ముడవాలి. శస్త్రచికిత్స తరువాత మాత్రం వైద్యుడు బద్ద తీసేదాకా ఇది చేయకూడదు.

స్పర్శ తిరిగి వచ్చే దశలో మొదట సూదులు గుచ్చినట్టు, మంటపుట్టినట్టు ఉంటుంది. ఇది చెడు లక్షణం కాదు. చలి మాత్రం చాలాకాలం ఓర్చుకోలేరు. కొరాపుట్ కొండల మీద శీతాకాలంలో పని చేసేవారు ఆ చేతికి ఉన్ని తొడుగు వేసుకోవాలి. వేళ్లకు స్పర్శ కొంత వచ్చాక, కళ్లు మూసుకుని బియ్యం, కందిపప్పు, గుండీ, నాణెం తాకి గుర్తుపట్టే సాధన రోజుకు పది నిమిషాలు చేస్తే మెదడు కొత్త సంకేతాలను త్వరగా అర్థం చేసుకుంటుంది. పిల్లల్లో ఇది పెద్దవారికన్నా బాగా సాగుతుంది.